ఇంటి ముందు లాన్: మృగశిర నుంచి రోహిణి దాకా ఏ పని ఎప్పుడు, ఎంత

లాన్‌కు ఏడాది మొదలయ్యేది ఉగాదితో కాదు, మృగశిర కార్తెతో. తొలకరి పడింది మొదలు ఆశ్లేష కార్తె వెళ్లేదాకా, అంటే జూన్ రెండో వారం నుంచి ఆగస్టు మధ్య వరకు, గడ్డి ఆపలేనంత జోరుగా పెరుగుతుంది. కోసినా, గుచ్చినా, కొంత పీకేసినా రెండు వారాల్లో పూడ్చుకుంటుంది. అందుకే ఏడాదిలో చేయాల్సిన మోటు పనులన్నీ ఆ రెండు నెలల్లోనే తెమలాలి. మిగతా పది నెలలూ కాపలా పనే. చాలా ఇళ్లలో ఇది తిరగబడుతుంది. వానాకాలంలో "ఎలాగూ పెరుగుతోందిగా" అని వదిలేస్తారు, సంక్రాంతికి పసుపెక్కగానే యూరియా గుప్పిస్తారు, ఏప్రిల్‌లో ట్రాక్టరు ఎర్రమట్టి తోలించి మీద పరుస్తారు. మూడూ తప్పులే.

ఇంగ్లిషు వీడియోలు చూసి పని మొదలుపెట్టేవాళ్లకు ఒక మాట. సెప్టెంబరులో విత్తనం చల్లండి, చలికి ముందు ఎరువు దండిగా వేయండి అని వాటిలో చెప్పేది చలిదేశపు గడ్డి గురించి. న్యూజెర్సీలోనో షికాగోలోనో ఉన్న మనవాళ్లకు అది సరిపోతుంది. డల్లాస్‌లో ఇల్లు కొన్నవాళ్ల లాన్ మాత్రం ఎక్కువగా మన గరిక జాతిదే, కాకపోతే అక్కడది నవంబరు నుంచి మార్చి దాకా పూర్తిగా ఎండుగడ్డి రంగులో నిద్రపోతుంది. మన దగ్గర గడ్డి వేడిని కోరేది. రాత్రి చలి 15 డిగ్రీల దిగువకు వస్తే ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది.

కింద చెప్పే కొలతలన్నీ వెయ్యి చదరపు అడుగులకు. అంటే సుమారు 111 గజాలు, రెండుంపావు సెంట్లు. మీ జాగా టేపుతో కొలుచుకుని దామాషాగా తగ్గించుకోండి. కంటి అంచనాతో వేసిన ఎరువు ఎప్పుడూ ఎక్కువే పడుతుంది.

ముందు మీ గడ్డి ఏదో చూడండి

నర్సరీ వాళ్లు చెప్పిన పేరు మీద ఆధారపడకండి, ఆకును చూడండి. సన్నటి మెత్తటి ఆకు, నేల మీద కణుపు కణుపుకూ వేరేస్తూ పాకే తీగ, కింద తెల్లటి దుంపవేరు ఉంటే అది గరిక జాతి. "సెలక్షన్ వన్" పేరుతో అమ్మేది కూడా ఇదే కుటుంబం. ఎండ ఎంత ఉంటే అంత మంచిది, రోజుకు ఆరు గంటలకు తగ్గితే పలచబడుతుంది. బిరుసుగా, దట్టంగా, అరికాలికి కాస్త గుచ్చుకునేది జోయ్సియా. మెక్సికన్, కొరియన్ అని అమ్మే మ్యాట్లు చాలావరకు ఇవే. నాలుగైదు గంటల ఎండ ఉన్నా నెట్టుకొస్తాయి, నెమ్మదిగా పెరుగుతాయి, దెబ్బ తగిలితే కోలుకోవడమూ నెమ్మదే. వెడల్పాటి ఆకు, లావుపాటి తీగ ఉంటే బఫెలో గడ్డి. పాక్షిక నీడకు అదే దిక్కు.

మామిడి చెట్టు కింద, రెండు ఇళ్ల మధ్య సందులో ఏ గడ్డీ నిలవదు. ఏటా మ్యాట్లు కొని అక్కడ పరవడం మానేసి కంకర పోయండి, లేదా వెడేలియా, సింగోనియం లాంటి పాకే మొక్కలు పెట్టండి. డబ్బు మిగులుతుంది.

నీళ్లు: రోజూ తడపడమే అసలు జబ్బు

సాయంత్రం పైపు పట్టుకుని పది నిమిషాలు చల్లితే చల్లినవాళ్లకు హాయిగానే ఉంటుంది. నేల మాత్రం అంగుళం లోతు కూడా తడవదు. రోజూ పైపైనే తడి దొరుకుతుంటే వేరు కిందికి దిగాల్సిన పనేముంది? ఏప్రిల్‌లో రెండు రోజులు మోటారు ఆగిందంటే అలాంటి లాన్ మాడిపోతుంది. వేరు నాలుగైదు అంగుళాలు దిగిన లాన్ వారం బెట్టను కూడా తట్టుకుంటుంది.

ఒక తడికి 12 మిల్లీమీటర్ల నీరు కావాలి. వెయ్యి అడుగులకు అది సుమారు 1,100 లీటర్లు. మీ పైపు ఎంత ఇస్తుందో ఇలా తేల్చుకోండి:

1. పైపు 20 లీటర్ల బకెట్‌లో పెట్టి, నిండటానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూడండి. 60 సెకన్లయితే నిమిషానికి 20 లీటర్లు. అంటే ఒక తడికి 55 నిమిషాలు పైపు నడవాలి. పది నిమిషాల చల్లుడులో ఐదో వంతు కూడా అందదని ఇక్కడే తెలిసిపోతుంది.

2. స్ప్రింక్లర్ ఉంటే, అడుగు చదునుగా ఉన్న ఐదారు స్టీలు డబ్బాలు లాన్ మీద అక్కడక్కడా పెట్టి అరగంట నడపండి. స్కేలుతో లోతు కొలవండి. ఒక డబ్బాలో 10 మిల్లీమీటర్లు, ఇంకోదాంట్లో 3 ఉంటే, ఏటా ఎండిపోయే మూల ఎందుకు ఎండుతోందో జవాబు దొరికినట్టే. ఎరువుతో ఆ మూల బాగుపడదు.

3. తడి ఇచ్చిన రెండు గంటలకు పొడుగు స్క్రూడ్రైవర్ నేలలో గుచ్చండి. నాలుగంగుళాలు సులువుగా దిగాలి. రెండంగుళాల దగ్గర ఆగిపోతే నీళ్లు చాలలేదు, లేదా నేల గట్టిపడింది.

ఎన్ని రోజులకోసారి అన్నది నేలను బట్టి. ఎర్రచెలకలో ఎండాకాలం రెండు మూడు రోజులకోసారి 12 మిల్లీమీటర్లు. కోస్తా ఇసుక నేలల్లో రోజు విడిచి రోజు 8. నల్లరేగడిలో ఐదు రోజులకోసారి 18 నుంచి 20, కానీ ఏకబిగిన పోయకూడదు. రేగడి నీటిని నెమ్మదిగా తాగుతుంది కాబట్టి పైనుంచి పారి కాలువలోకి పోతుంది. 20 నిమిషాలు పెట్టి, అరగంట ఆపి, మళ్లీ 20 నిమిషాలు, ఇలా కొలత పూర్తయ్యేదాకా పెట్టండి. చలికాలం ఏ నేలకైనా వారం పది రోజులకు ఒక తడి చాలు. వానాకాలంలో వారం పాటు చినుకు లేకపోతేనే పైపు ముట్టుకోండి.

క్యాలెండరు కంటే గడ్డే బాగా చెబుతుంది. పొద్దెక్కాక లాన్ మీద నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి చూడండి. అడుగుజాడలు అలాగే అణిగి ఉన్నా, ఆకు నిలువునా ముడుచుకుని పచ్చదనం బూడిద నీలంలోకి తిరిగినా, మరునాడు పొద్దున తడి ఇవ్వాలి. గడ్డి వెంటనే లేచి నిలబడితే ఇంకో రోజు ఆగొచ్చు.

వేళ తెల్లవారుజామున, నాలుగు నుంచి ఏడు లోపు. రాత్రంతా ఆకు తడిగా ఉంటే బూజు తెగుళ్లకు పిలుపే.

బోరు నీటి టీడీఎస్ (కరిగిన ఉప్పుల కొలత) వెయ్యి లోపు ఉంటే ఇబ్బంది లేదు. రెండు వేలు దాటితే నేల మీద తెల్లటి పొర కడుతుంది, ఆకు కొసలు మాడతాయి. అలాంటి చోట ఎండాకాలం నెలకొకసారి మామూలు తడికి రెండింతలు పోసి ఉప్పును వేరు కిందికి దించాలి. ఆర్‌ఓ నుంచి పోయే వృథా నీటిని రోజూ ఒకేచోట లాన్‌లోకి వదలకండి, ఆ చోటు రెండేళ్లలో చౌడు బారుతుంది. ఏసీ నీళ్లు నిక్షేపంలా వాడొచ్చు. వాషింగ్ మెషీన్ నీళ్లు వద్దు.

మృగశిర, ఆరుద్ర: ఏడాది పని అంతా ఇక్కడే

మంచి వాన ఒకటి రెండు పడి, నేల పదునుకు వచ్చాక మొదలుపెట్టండి. పిడికెడు మట్టి నలిపితే ముద్ద కట్టి, వేలితో తడితే పొడి కావాలి. బురదగా ఉండగా లాన్‌లోకి దిగితే నేల అణిగి ఏడాదంతా గట్టిగానే ఉంటుంది.

మొదటి పని, పొట్టిగా కోయడం. గరిక లాన్‌ను ఈ ఒక్కసారికి 2 సెంటీమీటర్ల దాకా దించొచ్చు. జోయ్సియాను 2.5 కంటే దించకండి. బఫెలోను ఇలా కోస్తే చస్తుంది, దాన్ని వదిలేయండి.

రెండోది, ఎండు పొర తీయడం. గడ్డిని చేత్తో పాయగా విడదీసి చూస్తే పచ్చ ఆకుకూ మట్టికీ మధ్య గోధుమ రంగు పీచు పొర కనిపిస్తుంది. అర అంగుళం లోపు ఉంటే మంచిదే, తేమను పట్టి ఉంచుతుంది. దాటితే నీరూ ఎరువూ మట్టిని చేరవు, వేరు ఆ పీచులోనే పెరిగి మొదటి ఎండకే పోతుంది. నడిస్తే పరుపు మీద నడిచినట్టు కాలు దిగబడుతోందంటే పొర మందమైనట్టే. కొరియన్ గడ్డిలో ఇది దిబ్బలు దిబ్బలుగా ఉబ్బి కనబడుతుంది. ఇనుప పళ్ల రేక్‌తో ఒకసారి నిలువుగా, ఒకసారి అడ్డంగా గట్టిగా లాగండి. వెయ్యి అడుగుల్లో నాలుగైదు గోనె సంచుల చెత్త వచ్చినా కంగారు పడొద్దు. లాన్ చూడటానికి బోడిగుండులా అవుతుంది. ఆరుద్ర వానలకు మూడు వారాల్లో మళ్లీ కమ్ముకుంటుంది.

మూడోది, గట్టిపడ్డ నేలను గుచ్చి వదులు చేయడం. గార్డెన్ ఫోర్క్‌ను నాలుగంగుళాల లోతు దించి, పిడి కొంచెం ముందుకూ వెనక్కీ ఆడించి పైకి తీయాలి. నాలుగంగుళాలకొక వరస. నడకదారి పక్కన, గేటు దగ్గర, పిల్లలు క్రికెట్ ఆడేచోట మరింత దగ్గరగా గుచ్చండి. మేకుల చెప్పులు ఆన్‌లైన్‌లో అమ్ముతారు, కొనకండి. వాటి మేకులు పొట్టివి, రంధ్రం చుట్టూ మట్టిని ఇంకా అదుముతాయి.

నాలుగోది, పైమట్టి. రెండు పాళ్లు సన్న ఇసుక, ఒక పాలు బాగా మాగిన వర్మీకంపోస్టు కలిపి జల్లెడ పట్టాలి. నేల ఎర్రచెలకో ఇసుకో అయితే పాళ్లు తిరగేసి కంపోస్టు రెండు చేయండి. మందం 5 మిల్లీమీటర్లే. అందుకు దాదాపు అర ఘనపు మీటరు పడుతుంది, ఖాళీ సిమెంటు సంచులతో కొలిస్తే 13 సంచులు. కుప్పలుగా పోసి, చీపురు తిరగేసి ఊడుస్తూ రంధ్రాల్లోకి దింపండి. పని పూర్తయ్యాక ఆకు కొసలు పైకి కనబడుతూ ఉండాలి. పూర్తిగా కప్పేస్తే గడ్డికి ఊపిరాడదు.

ఇక్కడ రెండు వస్తువులు మాత్రం గేటు దాటి లోపలికి రానివ్వకండి. ఒకటి, ఎక్కడ తవ్వారో తెలియని ఎర్రమట్టి. దాంతోపాటే తుంగ గడ్డలు వస్తాయి, తర్వాత పదేళ్లు వాటితోనే మీ కాపురం. రెండు, మాగని పశువుల ఎరువు. అందులో కలుపు విత్తనాలు బతికే ఉంటాయి, పైగా చెదలకూ పెంకు పురుగులకూ అది విందు భోజనం. మాగిన ఎరువుకు పేడ వాసన ఉండదు, చేతిలో నలిపితే టీపొడిలా రాలుతుంది.

అతుకులు వేయడం కూడా ఈ రోజుల్లోనే. గడ్డి పోయినచోట పది సెంటీమీటర్ల లోతు తవ్వి, రాళ్లు ఏరి, తట్టెడు కంపోస్టు కలిపి, చుట్టుపక్కల నేల కంటే ఒక సెంటీమీటరు దిగువన చదును చేయండి. పక్కనున్న మంచి గడ్డి నుంచే అరచేయంత ముక్కలు తీసి జానెడు దూరంలో పెట్టి కాలితో అదమండి. మ్యాటు కొనాల్సిన పనిలేదు. కొన్నా, ఆ మ్యాటు అడుగున తుంగ ఉందో లేదో తిరగేసి చూశాకే డబ్బివ్వండి. పది రోజులు పూటకింత తేలికగా తడపాలి. ఆ తర్వాత ముక్క కొస పట్టి మెల్లగా లాగి చూడండి, రాకుండా పట్టుకుంటే వేరు దిగినట్టు. అప్పటి నుంచి మామూలు తడులే.

నెల్లూరు, తిరుపతి వైపు పెద్ద వానలు అక్టోబరు, నవంబరుల్లో పడతాయి. అక్కడ అతుకుల పని అప్పటిదాకా ఆపుకోవచ్చు, రాత్రుళ్లు అంత చల్లబడవు కాబట్టి వేరు పడుతుంది.

కోత

ఒక్క కోతలో ఆకు పొడవులో మూడోవంతు కంటే ఎక్కువ తీయకూడదు. గరిక 2.5 సెంటీమీటర్లు, జోయ్సియా 3 నుంచి 4, బఫెలో 6 నుంచి 7 ఎత్తున ఉండాలి. 3 సెంటీమీటర్లు ఉంచాలంటే 4.5కు పెరగగానే కోయాలన్నమాట. వానల్లో అది వారానికోసారి వస్తుంది, గరికకైతే ఐదు రోజులకే. చలికాలం నెలకోసారి. ఇరవై రోజులు వదిలేసి ఒకేసారి నేలమట్టం చేయిస్తే అడుగున ఉన్న పసుపు కాడలు బయటపడతాయి. ఎండ తగిలి అవి మాడతాయి, ఖాళీ అయిన జాగాలో కలుపు లేస్తుంది. మాలి నెలకొకసారి వచ్చి బ్రష్ కట్టర్‌తో గీకేసి వెళ్లే ఇళ్లలో లాన్ ఎప్పుడూ మచ్చలు మచ్చలుగా ఉండటానికి ఇదే కారణం. బ్రష్ కట్టర్ గోడ అంచులకు మాత్రమే.

వెయ్యి అడుగుల లోపు చదునైన లాన్‌కు చేత్తో తోసే రీల్ మోవర్ చాలు, కత్తెర వేసినట్టు కోస్తుంది. ఎత్తుపల్లాలున్నా, గడ్డి పొడుగ్గా పెరిగినా, అడుగున బ్లేడు గిర్రున తిరిగే రోటరీ మోవర్ కావాలి. కోసిన మరునాడు ఒక ఆకు తెంపి కొసను చూడండి. గీత గీసినట్టు తెగి ఉంటే బ్లేడు బాగుంది. కొస చీలి తెల్లటి పీచు వేలాడుతుంటే బ్లేడు మొద్దుబారింది. రెండు రోజులకు ఆ పీచు ఎండి లాన్ అంతా బూడిద రంగు తిరుగుతుంది, చాలామంది దాన్ని తెగులనుకుని మందు కొట్టిస్తారు. రోటరీ బ్లేడును ప్రతి ఎనిమిది పది కోతలకు సాన పట్టించండి. కరెంటు మోవరైతే ప్లగ్ పీకాక, పెట్రోలు మోవరైతే స్పార్క్ ప్లగ్ వైరు తీశాకే బ్లేడు ముట్టుకోవాలి.

కోత దిశ ప్రతిసారీ మార్చండి. తుక్కు సన్నగా ఉంటే అక్కడే వదిలేయండి, కుళ్లి నత్రజని నేలకు తిరిగి వస్తుంది. ముద్దలు కడితే మాత్రం ఊడ్చేయండి.

ఎరువు: నాలుగు మోతాదులు, అంతే

జూన్‌లో పైమట్టి వేసిన పది రోజులకు 17-17-17 కాంప్లెక్స్ ఎరువు కిలోన్నర. జులై ఆఖరున యూరియా అరకిలో. సెప్టెంబరు మొదట్లో మరో అరకిలో. అక్టోబరు మొదటి వారంలో మ్యూరేట్ ఆఫ్ పొటాష్ అరకిలో, ఇది చలికీ తర్వాతి ఎండలకూ గట్టిదనం ఇస్తుంది. ఇంతకు మించి యూరియా వేస్తే కోత పెరుగుతుంది, ఎండు పొర పెరుగుతుంది, తెగులు పెరుగుతుంది. పచ్చదనం వారం రోజులే.

చల్లే పద్ధతిలోనే ఎక్కువమంది దెబ్బ తింటారు. అరకిలో యూరియాను ఐదు కిలోల పొడి ఇసుకతో కలిపి రెండు భాగాలు చేయండి. ఒక భాగం తూర్పు పడమరలుగా నడుస్తూ, రెండోది ఉత్తర దక్షిణాలుగా నడుస్తూ చల్లండి. ఆకు పొడిగా ఉండాలి, చల్లిన వెంటనే నీళ్లు పెట్టాలి. మంచు తడి మీద చల్లితే గుళిక ఆకుకు అంటుకుని అక్కడే కరుగుతుంది. రెండో రోజుకు చెయ్యి విసిరిన మేరకు గోధుమరంగు చారలు తేలతాయి. మాడిన చోట నీళ్లు దండిగా పెట్టడం తప్ప చేసేదేమీ లేదు, వేరు బతికి ఉంటే మూడు వారాల్లో వస్తుంది.

పసుపెక్కిన ప్రతి లాన్‌కూ యూరియా మందు కాదు. ముదురు ఆకులు ముందుగా, ఆకు మొత్తం పసుపైతే నత్రజని లోపం. లేత ఆకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్యభాగం తెల్లబారితే ఇనుము లోపం. సున్నం ఎక్కువున్న నేలల్లో, గట్టి బోరు నీళ్లున్న చోట, ఇల్లు కట్టినప్పుడు సిమెంటు కలిపిన జాగాలో ఇది తరచూ వస్తుంది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. వారం ఆగి మరోసారి. ద్రావణం అప్పటికప్పుడు కలుపుకోవాలి, నిలవుంచితే తుప్పురంగు తిరిగి పనికిరాదు. పాలరాయి, టైల్స్ మీద పడితే మరక వదలదు, ముందే నీళ్లు పోసి తడిపి ఉంచండి.

తుంగ

వయ్యారిభామ, గడ్డిచామంతి, రెడ్డివారి నానబాలు, నేల ఉసిరి, పులిచింత: ఇవన్నీ వాన పడ్డ మరునాడు వేరుతో సహా వస్తాయి, పూత రాకముందే పీకేస్తే సరి. వయ్యారిభామకు చేతికి తొడుగు తప్పనిసరి, కొందరికి చర్మం దద్దుర్లెక్కి నెలల తరబడి బాధిస్తుంది. తుంగ మాత్రం వేరే లెక్క.

కాడను రెండు వేళ్ల మధ్య దొర్లించండి. గడ్డి కాడ గుండ్రంగా తిరుగుతుంది, తుంగ కాడ మూడు అంచులతో తగులుతుంది. కోసిన మూడో రోజుకే మిగతా లాన్ కంటే రెండంగుళాలు పైకి వచ్చి వెలిసిన పసుపుపచ్చ రంగులో నిలబడుతుంది. కింద గొలుసులా గడ్డలుంటాయి. పైకాడ పీకగానే ఆ గొలుసులో అప్పటిదాకా నిద్రపోతున్న గడ్డలు మేలుకుని ఒకటికి మూడు మొలకలు తోస్తాయి. ఆదివారం ఆదివారం పైపైన పీకుతున్న కొద్దీ తుంగ ఎందుకు పెరుగుతోందో ఇప్పుడు అర్థమవుతుంది.

పది పాతిక మొక్కలే ఉంటే బొరిగతో జానెడు లోతు దించి గడ్డతో సహా పెకలించండి. రెండు మూడు వారాలకోసారి, సీజనంతా. గడ్డలను కంపోస్టు గుంటలో వేయకండి, ఎండబెట్టి కాల్చేయండి.

లాన్ నిండా ఉంటే హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ 75 శాతం గుళికల మందు పనిచేస్తుంది. చెరకు, మొక్కజొన్నలో తుంగకు వాడేది ఇదే, గరికనూ జోయ్సియానూ చంపదు. ఎకరాకు 36 గ్రాములు మోతాదు. వెయ్యి అడుగులకు 0.8 గ్రాము, నాలుగు లీటర్ల నీటిలో. అంత తక్కువ తూకానికి నగల తూకం లాంటి చిన్న త్రాసు కావాలి, చెంచా లెక్క పనికిరాదు. తుంగ నాలుగైదు ఆకుల మీద ఉండాలి, కొట్టడానికి రెండు రోజుల ముందూ తర్వాతా కోయకూడదు, ఆ రోజు వాన సూచన ఉండకూడదు. పది రోజుల దాకా ఏమీ జరగనట్టే ఉంటుంది. ఓపిక పట్టండి, రెండు మూడు వారాల్లో పసుపెక్కి చనిపోతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత మళ్లీ లేచిన వాటికి ఇంకో విడత. కొత్తగా వేసిన లాన్ మీద వద్దు. ఏ మొక్కనైనా చంపే గ్లైఫోసేట్ కలుపు మందు కొడితే తుంగతో పాటు లాన్ కూడా పోతుంది.

మందు కొట్టిన లాన్ గరికను వినాయక చవితి పూజకు కోసి ఇవ్వకండి, మేకకో ఆవుకో వేయకండి.

ముసురు పట్టినప్పుడు

లాన్ మీద వాననీరు ఒక రోజుకు మించి నిలిచిందంటే వేరుకు గాలి అందదు, మట్టి మీద నల్లపచ్చ పాచి కడుతుంది. ఇంటి గోడ నుంచి బయటికి ప్రతి మీటరుకు ఒకటి రెండు సెంటీమీటర్ల వాలు ఉండాలి. మేడ మీది నీటి గొట్టం లాన్‌లోకి వదిలి ఉంటే ముందు దాన్ని తిప్పించండి. పాచి కట్టిన చోట పైపొర గీకి, గుచ్చి, ఇసుక వేయండి.

రూపాయి బిళ్లంత తెల్లబారిన మచ్చలు, లేదా అడుగు వెడల్పు గోధుమ వలయాలు, పొద్దున మంచులో వాటి మీద సాలెగూడు లాంటి బూజు కనిపిస్తే తెగులే. సాయంత్రం నీళ్లు, యూరియా రెండూ ఆపండి. సగం తెగుళ్లు ఇంతటితో ఆగుతాయి. ఆగకపోతే ప్రొపికొనజోల్ 25 ఈసీ అనే బూజు తెగులు మందు లీటరు నీటికి 1 మిల్లీలీటరు, పదిహేను రోజుల ఎడంతో రెండుసార్లు.

తొలకరి రాత్రుల్లో వేప చెట్టు చుట్టూ గోధుమరంగు పెంకు పురుగులు ముసురుతుంటే జులై, ఆగస్టుల్లో మీ లాన్ కింద వేరుపురుగు ఉంటుందని ముందే అనుకోండి. నీళ్లు పెట్టినా వాడుతున్న చోట గడ్డిని గుప్పిట పట్టి లాగితే చాప చుట్టినట్టు లేచి వస్తుంది, అడుగున తెల్లగా వంకీ తిరిగిన పురుగులుంటాయి. గోరింకలు ఒకేచోట పొడుస్తున్నా, పందికొక్కులు రాత్రుళ్లు తవ్వుతున్నా అనుమానించండి. అడుగు చదరంలో ఐదు కంటే తక్కువుంటే పక్షులకే వదిలేయండి. ఎక్కువుంటే 100 గ్రాముల మెటారైజియం (పురుగును చంపే మేలు శిలీంధ్రం) పొడిని 10 కిలోల మాగిన ఎరువులో కలిపి, తడి ఆరకుండా వారం నీడన ఉంచి, 5 కిలోల వేపపిండితో సాయంత్రం చల్లి నీళ్లు పెట్టండి. లేత దశలోనే ఇది పనిచేస్తుంది, సెప్టెంబరు దాటాక దండగ.

రాత్రికి రాత్రి ఆకు కొరికేసినట్టుంటే లద్దెపురుగు. ఐదు లీటర్ల నీటిలో రెండు చెంచాల గిన్నెల సబ్బు ద్రవం కలిపి చదరపు గజం మేర పోయండి, ఉంటే ఐదు నిమిషాల్లో పైకి పాకి వస్తుంది. ఎర్రటి మఖమల్ బొట్టులా తిరిగే ఆరుద్ర పురుగును మాత్రం ఏమీ చేయకండి, అది మీ గడ్డి జోలికి రాదు.

చలికాలం

దీపావళి టపాకాయలకు కాలిన మచ్చలను పండగ మరునాడే అతుకు వేయండి. కార్తీకం వెళ్లాక వేస్తే ఫిబ్రవరి దాకా అలాగే కూర్చుంటుంది. డిసెంబరు, జనవరిల్లో హైదరాబాద్, ఉత్తర తెలంగాణల్లో లాన్ రంగు తగ్గడం జబ్బు కాదు. విశాఖ, విజయవాడల్లో తేడా అంతగా తెలియదు. ఎరువు వద్దు, గుచ్చొద్దు, పది రోజులకో తడి చాలు.

ఇంట్లో పెళ్లికి లాన్ మీద షామియానా వేసి కార్పెట్లు పరిచేది కూడా ఈ రోజుల్లోనే. ముందు రోజు నీళ్లు పెట్టకండి, తడి నేల ఎక్కువ అణుగుతుంది. కార్పెట్ రెండు రాత్రులకు మించి ఉంచొద్దు. తీశాక గడ్డిని రేక్‌తో లేపి, కుర్చీలు, వంట సామాను పెట్టిన చోట ఫోర్క్‌తో గుచ్చి ఒక నిండు తడి ఇవ్వండి. వేడి గంజి పారబోసిన మచ్చ ఉంటే అది మృగశిరకే బాగయ్యేది.

శివరాత్రి నుంచి రోహిణి దాకా

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్లాక కొత్త ఆకు తొడగడం మొదలవుతుంది. అప్పుడు యూరియా కాకుండా ఓ 40 కిలోల వర్మీకంపోస్టు జల్లెడ పట్టి చల్లండి. ఉగాది నాటికి కోత ఎత్తు ఒక సెంటీమీటరు పెంచండి, పొడుగాకు తన వేరుకు తనే నీడ. ఏప్రిల్, మే నెలల్లో ఎరువు, మందు, తవ్వకం ఏవీ వద్దు.

మే నెలలో వారానికి మూడు తడులంటే 3,300 లీటర్లు. బోరు అంత ఇవ్వకపోతే లాన్ మొత్తానికీ చాలీచాలకుండా పంచకండి. గుమ్మం ముందు భాగానికి పూర్తి తడి ఇచ్చి, మిగతాది ఎండనివ్వండి. గరిక, జోయ్సియా అయితే రెండు వారాలకోసారి 12 మిల్లీమీటర్ల నీరు ఇస్తే ఆకు ఎండినా మొదలు బతుకుతుంది. ఎండిన భాగం మీద నడవకండి, బండి ఎక్కించకండి.

చచ్చిందా నిద్రపోతోందా అన్న అనుమానం వస్తే ఒక పిలక పెకలించి మొదలు దగ్గర గోటితో గీరండి. లోపల తెల్లగా, కాస్త తేమగా ఉంటే ప్రాణముంది. పెళుసుగా విరిగి అడ్డంగా గోధుమరంగు కనిపిస్తే పోయినట్టే. అయినా రోహిణిలో ఎండలకు తట్టుకోలేక కొత్త మ్యాట్లు కొని వేయకండి. తొలి వాన పడ్డాక పదిహేను రోజులు చూసి, అప్పటికీ పచ్చ చుక్క రాని చోటునే తవ్వండి.